ఆర్క్ వెల్డింగ్ కొత్తగా మొదలుపెడుతున్నారా? ముందు ఇనుము కరిగిందో లేదో చూడటం నేర్చుకోండి

దమ్ముకు ట్రాక్టర్‌కు వేసే ఇనుప చక్రం, కేజ్‌వీల్ పట్టీ ఊడిందని ఒకరు, ట్రాక్టర్ ట్రక్కు తలుపు గొళ్లెం విరిగిందని ఒకరు, రొయ్యల గుంటలో నీటికి గాలి పట్టించే ఏరియేటర్ ఫ్రేము పగిలిందని ఇంకొకరు. నెల్లూరు దగ్గర ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు వెళ్లినా, అటు ఒంగోలు దగ్గర టంగుటూరు, కొత్తపట్నం వైపు వెళ్లినా పనుల కాలంలో వెల్డింగ్ షాపు ముందు జనం ఉంటూనే ఉంటారు. చేత్తో ఎత్తుకెళ్లే ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్లు వచ్చాక చాలామంది రైతులు, గుంటల మీద పనిచేసే కుర్రాళ్లు తామే ఒకటి కొనుక్కుని మొదలుపెడుతున్నారు. మంచిదే. కాకపోతే ఎక్కువమంది రాడ్డు వెలిగించడం, అంటే పూత పూసిన వెల్డింగ్ కడ్డీ కొసకూ ఇనుముకూ మధ్య కరెంటు మంట (ఆర్క్) పుట్టించడం నేర్చుకుని అక్కడే ఆగిపోతున్నారు. వెలిగింది, రెండు ముక్కలూ పట్టుకున్నాయి, పనైపోయింది అనుకుంటారు. ఆ చక్రం మళ్లీ దమ్ములో దిగగానే పట్టీ అదే చోట ఊడిపోతుంది.

"కాస్త అతికిచ్చి పో నాయనా" అని పని తెచ్చినవాళ్లు అంటారు గానీ, అతికించడం వేరు, వెల్డింగ్ వేరు. రెండు ముక్కల అంచులూ కరిగి, రాడ్డు నుంచి వచ్చిన లోహంతో కలిసి, ఒకే ఇనుముగా గట్టిపడాలి. కింది ఇనుము కరగకుండా పైన ఎంత రాడ్డు పోసినా అది మైనం పూసిన పనే. కింద చెప్పే ప్రతి మెట్టూ ఆ కరగడం కోసమే.

మిషను, దానికి కావలసిన కరెంటు

కొత్తవాళ్లకు 200 ఆంపియర్ల సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్ మిషను చాలు. పాత ఆయిల్ ట్రాన్స్‌ఫార్మర్ మిషన్లు మొండివి, ఏళ్ల తరబడి పనిచేస్తాయి, కానీ ఒక్కడు కదపలేడు, ఇంటి లైను వాటిని మోయలేదు. మిషను మీద డ్యూటీ సైకిల్ అని ఒక అంకె రాసి ఉంటుంది, అది చూసుకోండి. 60 శాతం అని ఉంటే, ఆ కరెంటు దగ్గర పది నిమిషాల్లో ఆరు నిమిషాలే వెల్డ్ చేయాలి, మిగతా నాలుగు నిమిషాలు ఫ్యాను తిరిగి చల్లబడనివ్వాలి. మన ఎండల్లో ఇంకాస్త ఎక్కువే ఆగండి.

100 ఆంపియర్లతో వెల్డ్ చేస్తుంటే మిషను గోడ ప్లగ్గు నుంచి 15 ఆంపియర్లకు అటూ ఇటూ లాగుతుంది. అందుకని ఇంట్లో ఫ్యానుకు, ఫోను ఛార్జరుకు వాడే చిన్న ప్లగ్గులో పెట్టొద్దు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మీటరు దగ్గర్నుంచి విడిగా ఒక లైను, దానికి తగిన ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే ఆపేసే స్విచ్చి), మంచి ఎర్తింగ్ వేయించుకోండి. ఎక్స్‌టెన్షన్ వైరు తప్పనిసరైతే మందం వైరు తీసుకోండి, చుట్ట మొత్తం విప్పి పరిచి వాడండి. చుట్టగా ఉంచి వాడితే వైరు లోపల వేడెక్కి ఇన్సులేషన్ కరుగుతుంది. ఊరి చివర ఇళ్లలో వోల్టేజీ పడిపోయి రాడ్డు మాటిమాటికీ ఆరిపోతుంటే తప్పు మీ చేతిదని బెంగపడొద్దు, ముందు వోల్టేజీ చూడండి. గుంటల దగ్గర జనరేటర్ మీద చేయాలంటే 5 కేవీఏకు తగ్గకూడదు.

ఇక్కడ ఒక పొరపాటు మాట షాపుల్లో బాగా వాడుకలో ఉంది. మిషను నుంచి రెండు కేబుళ్లు వస్తాయి, ఒకదాని చివర రాడ్డును పట్టుకునే హోల్డరు ఉంటుంది, రెండోదాని చివర ఇనుముకు బిగించే క్లాంపును అందరూ "ఎర్త్" అంటారు. షాక్ నుంచి మిమ్మల్ని కాపాడే ఎర్త్ అది కాదు. వెల్డింగ్ కరెంటు తిరిగి మిషనులోకి వెళ్లే దారి మాత్రమే. కాపాడే ఎర్త్ ప్లగ్గులో మూడో పిన్ను నుంచి వస్తుంది. రెండూ ఉండాలి, ఒకటి ఉందని రెండోది వదిలేయకూడదు. ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చి) ఉన్నా, హోల్డరు వైపు తగిలే షాక్‌కు అది ట్రిప్ అవదు.

రాడ్డు ఏది తీసుకోవాలి

షాపులో "పది నంబరు", "పన్నెండు నంబరు" అని అడుగుతుంటారు. పది నంబరంటే 3.15 మిల్లీమీటర్ల రాడ్డు, పన్నెండంటే 2.5. ఎనిమిది నంబరు 4 మిల్లీమీటర్లు, దాని జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. నేర్చుకోవడానికి 6013 అని రాసి ఉన్న 3.15 రాడ్లు ఒక ప్యాకెట్ తెచ్చుకోండి. ఇది తేలిగ్గా వెలుగుతుంది, వెల్డ్ మీద గట్టిపడే పెంకు (స్లాగు) తేలిగ్గా ఊడుతుంది, ఏసీ మిషను మీదా డీసీ మిషను మీదా నడుస్తుంది. ఆ అంకెలో 60 అంటే వెల్డ్ లోహం చదరపు అంగుళానికి 60,000 పౌండ్ల లాగుడు తట్టుకుంటుందని. తర్వాతి 1, ఏ భంగిమలోనైనా వాడొచ్చని. చివరి 3 రాడ్డు పైపూత రకాన్ని, దానికి నప్పే కరెంటును చెబుతుంది.

ఆ పూత ఊరికే లేదు. అది కాలి పొగై, కరిగిన లోహం మీదికి గాలి రాకుండా అడ్డుపడుతుంది. మిగిలింది స్లాగై పైన పొరలా కప్పి, లోహాన్ని నిదానంగా చల్లారనిస్తుంది. పూత రాలిపోయిన రాడ్డుతో వెల్డ్ చేస్తే లోపలంతా బెజ్జాలే.

మన కోస్తా గాలిలో ఆ పూతకు పెద్ద శత్రువు తేమ. ప్యాకెట్ చించి బల్ల మీద పడేస్తే వానాకాలంలో రాడ్లు చెమ్మ పట్టి, వెలిగించగానే చిటపటలాడుతూ పొగ ఎక్కువ కక్కుతాయి. బిగుతు మూత ఉన్న డబ్బాలో పెట్టండి. చెమ్మ పట్టిన 6013ను సుమారు 100 డిగ్రీల దగ్గర గంటసేపు ఆరబెడితే మళ్లీ పనికొస్తుంది. 7018 రాడ్డు బలమైన పనులకు మంచిదని ఎవరైనా చెబితే నిజమే, కానీ దాన్ని 250 డిగ్రీల పైన ఓవెన్‌లో వేడి చేసి వాడాలి. ఎండలో పెడితే చాలదు. ఆ వసతి లేనిచోట 7018 కొనడం డబ్బు దండగ.

కరెంటు ఎంత పెట్టాలి? 2.5 రాడ్డుకు 60 నుంచి 90 ఆంపియర్లు, 3.15కి 90 నుంచి 130. మధ్యలో మొదలుపెట్టి, పడుతున్న వెల్డ్ చార (దీన్నే లైను అంటారు) చూసుకుంటూ పెంచుకోండి, తగ్గించుకోండి. ఇన్వర్టర్‌లో హోల్డరును ప్లస్‌కు బిగిస్తే కింది ఇనుము లోతుగా కరుగుతుంది. మైనస్‌కు బిగిస్తే రాడ్డు త్వరగా కరిగి, కింద వేడి తగ్గుతుంది, పల్చటి పైపులకు అది నయం. 6013 రెండు రకాలుగానూ నడుస్తుంది.

కళ్లు, చర్మం, ఊపిరి

ఈ భాగం దాటేసి కిందికి వెళ్లొద్దు.

ఆర్క్ వేడి మూడున్నర వేల డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఆ వెలుగులో కంటికి కనపడని అల్ట్రావయొలెట్ కిరణాలు ఉంటాయి. చేత్తో ముఖానికి అడ్డం పట్టుకునే వెల్డింగ్ అద్దం కంటే తలకు తగిలించుకునే హెల్మెట్ కొనండి, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. అందులోని నల్ల గ్లాసు 10 లేదా 11 నంబరు ఉండాలి. నల్ల కళ్లద్దాలు, ఎక్స్‌రే ఫిల్ములు పనికిరావు. వెలుగు తగ్గినట్టు అనిపిస్తుంది గానీ కిరణాలు లోపలికి పోతూనే ఉంటాయి.

"వెల్డింగ్ కొట్టింది" అంటారే, ఆ బాధ వెంటనే తెలియదు. పగలు చూసిన వెలుగుకు రాత్రి పడుకున్నాక కళ్లలో ఇసుక పడ్డ మంట, నీళ్లు కారడం, వెలుతురు చూడలేకపోవడం మొదలవుతాయి. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. బంగాళాదుంప ముక్కలు, చనుబాలు, ఉల్లిరసం కళ్లలో వేసే అలవాటు ఊళ్లలో ఇంకా ఉంది. దయచేసి వద్దు. దెబ్బతిన్న కంటిపొరకు వాటి నుంచి ఇన్‌ఫెక్షన్ సోకవచ్చు. మూసిన రెప్పల మీద చల్లటి తడిగుడ్డ వేసి కంటి డాక్టరును కలవండి. మొద్దుబార్చే చుక్కలు మందుల షాపులో అడిగి తెచ్చుకుని పదేపదే వేసుకోవడం కంటికే ప్రమాదం. మీతో పాటు చుట్టూ చేరే పిల్లల సంగతీ చూడండి. రోడ్డు వైపు ఒక పాత రేకు అడ్డం పెట్టండి. వెలిగించే ముందు "కళ్లు!" అని గట్టిగా కేక వేసే అలవాటు చేసుకోండి.

ఒంటి మీద పొడుగు చేతుల నూలు చొక్కా, మందపాటి నూలు ప్యాంటు, తోలు బూట్లు, తోలు గ్లవ్స్ ఉండాలి. లుంగీ, చెప్పులతో చేసేవాళ్లను చూసి అదే సరే అనుకోవద్దు. పాలిస్టర్ బట్ట రవ్వ పడగానే కరిగి చర్మానికి పట్టుకుంటుంది. జేబులో గ్యాస్ లైటర్ ఉంటే తీసి దూరంగా పెట్టండి. ప్యాంటు అంచులు పైకి మడిస్తే ఆ మడతల్లో నిప్పు నిలుస్తుంది.

షాక్ గురించి ఒక మాట. వెల్డ్ చేయనప్పుడు హోల్డరులో 60 నుంచి 80 వోల్టులు ఉంటాయి. పొడి చేతికి ఇది పెద్దగా తెలియదు. రోహిణి కార్తెలో, చొక్కా అంతా చెమటతో తడిసి ఇనుము మీద కూర్చున్నప్పుడు అదే 80 వోల్టులు ప్రాణం తీయగలవు. అందుకే రెండు జతల గ్లవ్స్ ఉంచుకుని తడిసినవి మార్చండి. కాళ్ల కింద పొడి చెక్క వేసుకోండి. ఒట్టి చేత్తో రాడ్డు మార్చొద్దు, హోల్డరును చంకలో పెట్టుకోవద్దు. గుంట గట్టు మీద అయితే ఏరియేటర్‌ను నీళ్లలోంచి పూర్తిగా బయటికి లాగి, పొడి నేల మీద పెట్టాకే మిషను ఆన్ చేయండి.

నిప్పు సంగతి మన ఊళ్లలో మరీ ముఖ్యం. గడ్డివాము, పొగాకు మండెలు, తాటాకు పాక దగ్గర్లో ఉంటే పనిని అక్కడ్నుంచి కనీసం పది మీటర్ల దూరం మార్చండి. బకెట్ ఇసుక, బకెట్ నీళ్లు పక్కన ఉంచండి. పని అయిపోయాక వెంటనే ఇంటికి పోవద్దు, అరగంట చుట్టుపక్కల చూసి వెళ్లండి.

ఇనుమును సిద్ధం చేయడం

సగం వెల్డింగ్ గ్రైండర్‌తోనే జరుగుతుంది. ఇది అతిశయోక్తి అనిపిస్తే, తుప్పు మీద ఒక లైను, శుభ్రం చేసిన చోట ఒక లైను వేసి చూడండి. జాయింటుకు రెండు పక్కలా ఒక అంగుళం మేర తుప్పు, రంగు, గ్రీజు, బురద పోయి ఇనుము మెరిసేదాకా గ్రైండర్ గానీ వైరు బ్రష్ గానీ పట్టండి. కొత్త ప్లేటు మీద ఉండే నీలినలుపు పొరనూ తీసేయండి. ముక్కలు 5 మిల్లీమీటర్లు దాటి మందంగా ఉండి ఎదురెదురుగా కలుస్తుంటే, అంచులు ఏటవాలుగా చెక్కి, మధ్యలో 2 నుంచి 3 మిల్లీమీటర్ల సందు వదలండి. లేకపోతే పైపైన కరిగి అడుగున సందు అలాగే ఉండిపోతుంది.

క్లాంపును కూడా మెరిసే ఇనుముకే, వెల్డ్ చేసే చోటికి దగ్గరగా బిగించండి. ట్రాక్టర్ మీద పని అయితే ఇది మరీ చూసుకోవాలి. ముందు బ్యాటరీ తీగలు విప్పండి. చక్రం మీద వెల్డ్ చేస్తూ క్లాంపును ఛాసిస్‌కు పెడితే కరెంటు బేరింగుల గుండా వెళ్లి వాటి లోపల చుక్కచుక్కగా కాలుస్తుంది. పైకి ఏమీ కనపడదు, కొన్నాళ్లకు బేరింగు అరుస్తుంది. కేజ్‌వీల్‌ను విప్పి నేల మీద పెట్టి చేసుకోవడమే మేలు.

రాడ్డు వెలిగించడం

అర అడుగు పొడవున్న 6 మిల్లీమీటర్ల పట్టీ ముక్కలు కొన్ని పాత ఇనుము కొట్టులో తెచ్చుకోండి. ఒకదాన్ని బల్ల మీద పడుకోబెట్టి క్లాంపు బిగించండి. 3.15 రాడ్డు, 110 ఆంపియర్లు. రాడ్డు పట్టిన చేతికి రెండో చేయి ఆసరా ఇవ్వండి, మోచేయి ఒంటికి ఆనించండి. కేబులు బరువు మణికట్టు మీద పడకుండా భుజం మీదుగా వేసుకుంటే చేయి వణకదు.

గ్లాసు దించి, రాడ్డు కొసను ఇనుము మీద చిన్నగా గీకి, వెలుగు రాగానే రెండు మూడు మిల్లీమీటర్లు పైకెత్తండి. ఎక్కువ ఎత్తితే ఆరిపోతుంది, ఎత్తకపోతే అంటుకుపోతుంది. మొదట్లో అందరికీ అంటుకుంటుంది. అప్పుడు కంగారుగా లాగకుండా మణికట్టును పక్కకు మెలితిప్పండి. రాకపోతే హోల్డరు పిడి నొక్కి రాడ్డును వదిలేయండి, గ్లాసు మాత్రం ఎత్తొద్దు. ఎర్రగా కాలిన ఆ రాడ్డును మిషను ఆపాక పట్టకారుతో తీయండి. రెండో పద్ధతి, రాడ్డును నిటారుగా ఒకసారి తాటించి ఎత్తడం. ఇరుకు చోట్ల ఇదే పనికొస్తుంది కాబట్టి రెండూ నేర్చుకోండి. ఎక్కడపడితే అక్కడ గీకిన మచ్చలు ఇనుము మీద గట్టి బిందువులుగా మిగిలి, అక్కడ్నుంచే పగుళ్లు మొదలవుతాయి. వెల్డ్ రాబోయే చోటే గీకండి.

లైను నడపడం

అసలు విద్య ఇదే, ఇక్కడ ఎన్ని రోజులు పట్టినా పట్టనివ్వండి.

రాడ్డును దాదాపు నిటారుగా పట్టి, మీరు వెళ్లే వైపుకు 15 డిగ్రీలు వాల్చండి. అంటే కొస వెనక్కి చూస్తూ, రాడ్డు వెనకాల లైను పడుతూ రావాలి. కొసకూ ఇనుముకూ మధ్య రాడ్డు మందం అంత ఎడం, సుమారు 3 మిల్లీమీటర్లు. రాడ్డు కరిగిపోతూ పొట్టిదవుతుంటుంది కాబట్టి చేయి ముందుకు జరగడమే కాదు, కిందికీ దిగుతూ ఉండాలి. కొత్తవాళ్లు మర్చిపోయేది ఈ దిగడమే. ఎడం పెరిగిపోయి, ఆర్క్ పొడవై, చుట్టూ తుంపర్లు పడి, లైను చదునుగా, బెజ్జాలతో వస్తుంది. ఎడం సరిగా ఉన్నప్పుడు నూనెలో గారెలు వేగే చప్పుడు ఎడతెగకుండా వస్తుంది. ఫటఫటమని పగులుతుంటే దగ్గరికి దించండి.

వెలుగు వైపు చూడకండి. దాని వెనకాల కరిగిన లోహం మడుగు ఉంటుంది, చూపు దాని మీద నిలపండి. జాగ్రత్తగా చూస్తే అందులో రెండు రకాలు కనిపిస్తాయి. ముందు భాగంలో నున్నగా తళతళలాడేది కరిగిన ఇనుము. దాని వెనక కాస్త మసకగా, ముద్దముద్దగా కదిలేది స్లాగు. ఆ రెంటి మధ్య గీత రాడ్డు వెనకే ఉండాలి. స్లాగు ముందుకు పారి ఇనుమును కప్పేస్తుంటే అది లోపల చిక్కుకుపోతుంది. రాడ్డును ఇంకొంచెం వాల్చండి, ఎడం తగ్గించండి, అప్పటికీ ఆగకపోతే 5, 10 ఆంపియర్లు పెంచండి. మడుగు వెనక అంచు గుండ్రంగా ఉంటే మీ వేగం సరిపోయింది. మొనదేలి పొడుగ్గా సాగిపోతుంటే పరిగెడుతున్నారు. ఉబ్బి అటూ ఇటూ పొర్లుతుంటే మరీ నిదానం.

రాడ్డు రెండంగుళాలు మిగిలినప్పుడు ఆపండి. ఆపే చోట ఒక్క క్షణం నిలిపి గుంట నిండనివ్వండి, చటుక్కున లాగితే అక్కడ పగులు పుడుతుంది. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఆ గుంటలో స్లాగు తీసి, దానికి ఒక సెంటీమీటరు ముందు వెలిగించి, వెనక్కి గుంటలోకి వచ్చి నింపి, ముందుకు సాగాలి.

స్లాగు కొట్టేటప్పుడు మామూలు కళ్లద్దాలైనా పెట్టుకోండి. వేడి పెళ్ల ఎగిరి కంట్లో పడటం షాపుల్లో తరచూ జరిగే ప్రమాదం. స్లాగు కింద లైనును వేలితో తడమొద్దు, చూడండి. లైను వెడల్పు రాడ్డు మందానికి రెండింతలు, రెండున్నర ఇంతలు ఉండాలి. అంచులు ఇనుములో కలిసిపోవాలి. పైన తాడులా ఉబ్బి అంచుల దగ్గర ఎత్తుగా నిలబడితే కరెంటు తక్కువ. అంచుల వెంట గాడి పడితే కరెంటు ఎక్కువ, లేదా ఆర్క్ పొడుగు.

విరగ్గొట్టి చూడండి

లైను అందంగా వస్తున్నాక రెండు పట్టీలను తలకిందుల టీ ఆకారంలో నిలబెట్టి, ఒక్క వైపే మూలలో లైను వేయండి. రాడ్డును రెండు ముక్కలకూ మధ్య 45 డిగ్రీల్లో పట్టాలి. పూర్తిగా చల్లారాక అడుగు పట్టీని వైస్‌లో బిగించి, వెల్డ్ లేని వైపు నుంచి పెద్ద సుత్తితో కొట్టి, నిలువు పట్టీని వెల్డ్ మీదికి వంచండి. విరక్కుండా వంగిపోతే సంతోషం. విరిగితే ఇంకా మంచిది, లోపల ఏముందో కనపడుతుంది. విరిగిన చోటు ఈ చివర నుంచి ఆ చివర దాకా బూడిద రంగు గరుకుగా ఉంటే కరిగింది. మూలలో పట్టీ కోసిన అంచు గీత చెక్కుచెదరకుండా కనపడితే ఆ మేర అసలు కరగలేదు. నల్లటి గాజు ముక్కలు కనిపిస్తే స్లాగు చిక్కింది. చిన్న గుండ్రటి బెజ్జాలుంటే తేమ, తుప్పు లేదా గాలి.

పైనుంచి చక్కగా కనపడే లైన్లు ఈ పరీక్షలో ఎన్ని పోతాయో చూస్తే మీకే ఆశ్చర్యంగా ఉంటుంది. వరసగా అన్ని ముక్కలూ నిలబడేదాకా ఇంకొకరి వస్తువు మీద రాడ్డు పెట్టొద్దని నా గట్టి మాట.

మొదటి పని: నీళ్ల డ్రమ్ము స్టాండు

200 లీటర్ల డ్రమ్ముకు యాంగిల్ స్టాండు మంచి మొదటి పని. నీళ్లు నింపితే 200 కిలోల పైనే కాబట్టి వెల్డ్ నిజంగా బరువు మోయాలి. అలాగని పడిపోయినా నీళ్లు పోతాయే తప్ప ప్రాణం పోయేంత ఎత్తు పెట్టొద్దు, అడుగున్నర చాలు. 40 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం యాంగిల్ (ఎల్ ఆకారపు ఇనుప పట్టీ) తీసుకోండి.

పై చట్రం నాలుగు ముక్కలూ చదునైన నేల మీద పేర్చి, మూలమట్టం పెట్టి, ప్రతి మూలలో ఒక చిన్న ట్యాక్, అంటే ముక్కలు కదలకుండా పట్టే వెల్డ్ చుక్క మాత్రమే వేయండి. ఇప్పుడు టేపుతో ఎదురెదురు మూలల కొలత రెండు వైపులా చూడండి. సమానంగా ఉంటే చట్రం మట్టంగా ఉన్నట్టు. తేడా ఉంటే సుత్తితో తట్టి సరిచేయొచ్చు, ట్యాక్ అంటే అందుకే. పూర్తి లైను వేశాక అది కుదరదు. కాళ్లు నిలబెట్టి ట్యాక్ చేసి, మళ్లీ మట్టం చూసి, కాళ్ల మధ్య అడ్డపట్టీలు కూడా ట్యాక్ చేశాకే అసలు వెల్డింగ్ మొదలుపెట్టాలి.

చల్లారే వెల్డ్ ముడుచుకుంటూ ఇనుమును తనవైపు లాగుతుంది. ఒకే మూల మొత్తం కానిచ్చి పక్క మూలకు పోతే కాలు లోపలికి వాలుతుంది. ఒక మూలలో కొంచెం చేసి, దానికి ఎదురు మూలకు వెళ్లండి. స్టాండును పొర్లించి, తిప్పి, వీలైనంత వరకూ వెల్డ్ చేసే చోటు పైకి వచ్చేలా పడుకోబెట్టుకుని చేయండి. నిలువు లైను తప్పనిసరైతే కింది నుంచి పైకి వెళ్లండి. గేట్ల పనిలో పైనుంచి కిందికి లాగేయడం చూస్తుంటాం, త్వరగా అవుతుంది, నున్నగా కనపడుతుంది, కానీ లోతు తక్కువ. బరువు మోసే చోట అది చాలదు.

16 గేజి చదరపు పైపుతో ఏదైనా చేయాలంటే లెక్క మారుతుంది. దాని మందం 1.6 మిల్లీమీటర్లే. 2.5 రాడ్డు, 60 ఆంపియర్ల దగ్గర పెట్టి, పొడుగు లైను లాగకుండా చుక్క మీద చుక్క వేస్తూ, మధ్యలో ఎర్రదనం తగ్గనిస్తూ పోవాలి. బొక్క పడితే దాని మధ్యలో పోయొద్దు, అంచు నుంచి లోపలికి కట్టుకుంటూ రండి. సందు ఎక్కువుందని పూత రాల్చిన రాడ్డు ముక్కను సందులో పెట్టి పైన పూసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ముక్క కొలత సరిగ్గా కోసుకోలేనివాళ్లే అది చేస్తారు. మళ్లీ కోసుకోండి.

ఉప్పుగాలి, జీఐ పైపు, ఖాళీ డ్రమ్ములు

మధ్యాహ్నం తర్వాత మన తీరంలో సముద్రపు గాలి ఊపందుకుంటుంది. ఆరుబయట ఆ గాలి రాడ్డు పొగను ఊడ్చేస్తే మడుగుకు రక్షణ పోయి వెల్డ్‌లో బెజ్జాలు వస్తాయి. పొద్దున్నే పెట్టుకోండి, లేదా గాలి వైపు రేకు అడ్డం పెట్టండి. అలాగని గదిలో తలుపులు మూసుకుని చేయొద్దు, పొగ మీ ముఖం మీదికి రాకుండా పక్కకు పోయేలా నిలబడండి.

జీఐ పైపు, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపు మీద తెల్లటి పొగ వస్తే అది జింకు. ఇనుము కరగడానికి చాలా ముందే, 907 డిగ్రీల దగ్గరే జింకు ఆవిరైపోతుంది. ఆ పొగ పీల్చినవాళ్లకు సాయంత్రానికి చలిజ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి. పాలు తాగితే విరుగుడు అంటారు, కాదు. వెల్డ్ చేసే చోట రెండు వైపులా రెండు మూడంగుళాలు పూత గ్రైండ్ చేసి, ఆరుబయట చేయడమే దారి.

గుంటల దగ్గర పెట్టే వస్తువుకు అక్కడక్కడ కుట్లు వేసినట్టు వెల్డ్ చేసి వదిలితే, మిగిలిన సందుల్లోకి ఉప్పునీరు దూరి లోపల్నుంచి తింటుంది. చుట్టూ పూర్తిగా మూయండి. స్లాగు ఇసుమంత కూడా మిగలకుండా కొట్టి, బ్రష్ చేసి, అదే రోజు రెడాక్సైడ్ ప్రైమర్ వేయండి. స్లాగు మీద రంగు వేస్తే కొద్ది రోజుల్లోనే పెళ్లలుగా లేస్తుంది.

ఖాళీ డీజిల్ డ్రమ్ము, థిన్నర్ డబ్బా, మోటారు సైకిలు ట్యాంకు ఎవరు తెచ్చినా ముట్టుకోవద్దు. లోపల నూనె లేకపోయినా ఆవిరి ఉంటుంది. నిండు డ్రమ్ము కంటే ఖాళీ డ్రమ్మే బాంబులా పేలుతుంది. ఈ పనిలో ప్రాణాలు పోయేది ఇలాంటి చోటే.

ఇంకా కొన్ని పనులు ఇప్పుడే ఒప్పుకోకండి. ట్రాక్టరుకూ ట్రక్కుకూ మధ్య డ్రాబారు, లారీ ఛాసిస్, చీమకుర్తి క్వారీల్లో రాళ్లెత్తే క్రేన్ల కొక్కేలు, కంప్రెసర్ ట్యాంకు. పోత ఇనుప పంపు బాడీ కూడా, 6013తో వేస్తే చల్లారేటప్పుడు పక్కనే టిక్కుమని పగులుతుంది. దానికి నికెల్ రాడ్డు, ముందు వేడి చేసే పద్ధతి వేరే ఉన్నాయి. స్టెయిన్‌లెస్ స్టీలు ఏరియేటర్ షాఫ్టుకు కూడా వేరే రాడ్డు కావాలి, 304 రకం స్టీలుకు 308 రాడ్డు.

దీన్నే బతుకుతెరువుగా తీసుకోవాలనుకుంటే ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ ఉంది. ఒక సంవత్సరం కోర్సు, ఎనిమిదో తరగతి పాసైనవాళ్లు చేరవచ్చు. నెల్లూరులో, ఒంగోలులో ఐటీఐలు ఉన్నాయి. ఆర్క్‌తో పాటు గ్యాస్ వెల్డింగ్, రక్షణ వాయువుతో చేసే మిగ్, టిగ్ వెల్డింగ్ కూడా నేర్పుతారు. చేరే ముందు ఆ ఐటీఐకి ఒకసారి వెళ్లి, మిషన్లు ఎన్ని పనిచేస్తున్నాయో, ప్రాక్టికల్‌కు రాడ్లు, ఇనుము సరిపడా ఇస్తున్నారో చదువుతున్న పిల్లలనే అడిగి తెలుసుకోండి.